పనిచేసే చోట ఫస్ట్ ఎయిడ్ శిక్షణ: మీ సంస్థకు ఏ స్థాయి సరిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్యాక్టరీ మేనేజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు, సైట్ ఇంజనీర్లు, చిన్న వర్క్‌షాపుల ఓనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. చాలామంది ముందుగా అడిగేది ‘ఏ సర్టిఫికెట్ ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ఇబ్బంది రాదు’ అని. దానికీ కింద జవాబుంది. కానీ శిక్షణ స్థాయిని తేల్చాల్సింది వేరే ప్రశ్న. మీ దగ్గర ఎవరికైనా ఏదైనా అయితే, 108 వచ్చేలోపు ఏం జరిగిపోవచ్చు? ఆ కాసేపట్లో పక్కనున్న మనిషికి ఏం చెయ్యడం వచ్చి ఉండాలి?

ఫస్ట్ ఎయిడ్ శిక్షణలో అసలు ఎన్ని స్థాయిలున్నాయి?

మన చట్టాల్లో లెవెల్ 1, లెవెల్ 2 అనే విభజన లేదు. శిక్షణ ఇచ్చే సంస్థలు ఎవరికి తోచిన పేర్లు వాళ్లు పెట్టుకున్నాయి. పేర్లు పక్కన పెట్టి చూస్తే ఆచరణలో నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది అందరికీ ఇచ్చే గంట, రెండు గంటల అవగాహన. మనిషి పడిపోతే స్పృహ ఉందో లేదో చూడడం, 108కి ఫోన్ చేసి చోటు సరిగ్గా చెప్పడం, ఛాతీ మీద నొక్కడం, రక్తం కారుతుంటే గట్టిగా అదిమి పట్టడం ఇందులో వస్తాయి. రెండోది ఒక రోజు కోర్సు. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడం), ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే పరికరం) వాడకం, గొంతులో అడ్డుపడడం, రక్తస్రావం, కాలిన గాయాలు, ఫిట్స్ చేత్తో చేయించి నేర్పిస్తారు. మూడోది రెండు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ నడిచే పూర్తి ఫస్ట్ ఎయిడర్ కోర్సు. ఎముకలు విరగడం, వెన్నెముక దెబ్బలు, విషాలు, కరెంటు షాక్, కట్లు కట్టడం, గాయపడినవాళ్లను కదిలించడం కూడా కలుస్తాయి, చివర్లో పరీక్ష ఉంటుంది. నాలుగోది మీ పనిని బట్టి అదనంగా నేర్చుకోవాల్సినది. రసాయనాలు, ఎత్తులో పని, ట్యాంకుల్లోకి దిగడం లాంటివి ఉన్న చోట్ల ఇది కావాలి. మూడోది పూర్తయినవాళ్లకే దీన్ని ఇస్తే ఉపయోగం.

మాకు ఏది కావాలో ఎలా తేల్చుకోవాలి?

ముందు మీ యాక్సిడెంట్ రిజిస్టర్ తీయండి. గత మూడు నాలుగేళ్లలో ఏం దెబ్బలు తగిలాయో చూడండి. రిజిస్టర్‌లో లేనివి ఇంకా ముఖ్యం. ‘అబ్బే, కొంచెంలో తప్పింది సార్’ అని పాత ఆపరేటర్లు చెప్పుకునేవి ఎక్కడా రాసి ఉండవు. ఒక పూట షాప్ ఫ్లోర్ మీద వాళ్లతో కూర్చుంటే చాలా బయటపడతాయి.

తర్వాత ఒక్కో పని దగ్గర నిలబడి ఆలోచించండి. ఉదాహరణకు పవర్ ప్రెస్ నడిచే చోట చెయ్యి నలగవచ్చు, వేలు తెగవచ్చు. అంటే అక్కడి ఫస్ట్ ఎయిడర్‌కి బ్యాండేజీ అంటించడం వస్తే సరిపోదు. రక్తాన్ని నేరుగా అదిమి ఆపడం రావాలి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్లు దూరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు ముక్కలున్న డబ్బాలో ఉంచాలని తెలియాలి. వేలిని నేరుగా ఐసులో పడేస్తే చర్మం, నరాలు దెబ్బతిని అతికించడానికి పనికిరాకుండా పోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక వేళ్లు పోగొట్టుకున్న కార్మికులు ఉన్నారు. గంటసేపు చెప్పే అవగాహన క్లాసులో ఇది రాదు. కాబట్టి ప్రెస్ షాపుకి కనీసం మూడో రకం కావాలి.

ఇక దూరం. మీ గేటు నుంచి సర్జన్, బ్లడ్ బ్యాంక్ ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో మ్యాపులో కిలోమీటర్లు చూసి లెక్కెయ్యకండి. షిఫ్టు మారే వేళ ఒకసారి బండిలో వెళ్లి చూడండి. గేటు నుంచి లోపలి షెడ్డు దాకా స్ట్రెచర్ రావడానికి పట్టే సమయాన్నీ కలపండి. పెద్ద ఆవరణల్లో అదే అయిదు నిమిషాలు తినేస్తుంది. గుండె ఆగితే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సీపీఆర్ గానీ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. ఎంత మంచి అంబులెన్స్ సర్వీసైనా ఈ లెక్కను మార్చలేదు.

నా సలహా సూటిగా చెప్తాను. ప్రమాదం తక్కువ, ఆసుపత్రి దగ్గర అయితే అందరికీ అవగాహన, కొందరికి ఒక రోజు కోర్సు. మెషిన్లు, వేడి, కరెంటు, ఎత్తు, రసాయనాలు ఉంటే పూర్తి కోర్సు. ఆసుపత్రికి అరగంట దాటి పట్టే చోటైతే, పని తేలికైనదే అయినా ఒక మెట్టు పైన ఎంచుకోండి. కర్నూలు జిల్లా సోలార్ పార్కుల్లాంటి చోట్ల ప్యానెళ్లు తుడిచే పని చూడ్డానికి ప్రమాదంగా ఉండదు. కానీ ఎండ ఉంది, పాములున్నాయి, దూరం ఉంది. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలని అక్కడ కనీసం సూపర్‌వైజర్లందరికీ తెలిసి ఉండాలి.

చట్టం ఏం అడుగుతుంది?

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ చాలా స్పష్టంగా చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కోడ్ సంగతి తర్వాతి ప్రశ్నలో ఉంది. ఒకే సమయంలో పనిలో ఉండే ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. ఒక్కో పెట్టెకు విడిగా ఒక బాధ్యుడు ఉండాలి. అతని దగ్గర రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉండాలి. ఫ్యాక్టరీ నడిచే గంటల్లో అతను ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. 500 మంది దాటితే వైద్య, నర్సింగ్ సిబ్బందితో అంబులెన్స్ గది ఉండాలి.

ఇందులో చాలామంది వదిలేసేది ‘ఎప్పుడూ అందుబాటులో’ అన్న షరతు. జనరల్ షిఫ్టులో ఇద్దరికి శిక్షణ ఇచ్చి, రాత్రి షిఫ్టులో పెట్టెకు తాళం వేసి ఉంచితే చట్టం కోరింది జరగనట్టే.

కొత్త లేబర్ కోడ్ వచ్చింది కదా, పాత లెక్కలు ఇంకా వర్తిస్తాయా?

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం దీనిలో కలిసిపోయాయి. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావాల్సిన కార్మికుల సంఖ్య, కరెంటు వాడే చోట 10 నుంచి 20కి, వాడని చోట 20 నుంచి 40కి పెరిగింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు ఉంచాలన్న బాధ్యత, 500 మంది దాటితే అంబులెన్స్ గది అన్న లెక్క కోడ్‌లోనూ ఉన్నాయి. పాత నియమాలు కోడ్‌కు విరుద్ధంగా లేనంత వరకు కొనసాగుతాయి. మీ జిల్లాకు ఇప్పుడు ఏ నియమం నడుస్తోందో ఫ్యాక్టరీల శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవడం మంచిది.

ఒక మాట. 15 మంది పనిచేసే యూనిట్ ఇప్పుడు ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రాకపోవచ్చు. అక్కడి గ్రైండింగ్ వీల్ మాత్రం నిన్నటిలాగే పగులుతుంది. చట్టం పరిధి తగ్గిందని శిక్షణ మానేయకండి.

మా దగ్గర ఒక షిఫ్టుకి 280 మంది. ఇద్దరికి శిక్షణ ఇస్తే చాలా?

చాలదు. 280 మందికి రెండు పెట్టెలు, ఇద్దరు బాధ్యులు అన్నది ఒక్క షిఫ్టు లెక్క. మూడు షిఫ్టులు నడిస్తే ఆరుగురు. వాళ్లకీ వారాంతపు సెలవులుంటాయి, పెళ్లిళ్లుంటాయి, జ్వరాలొస్తాయి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లుంటారు. పని మానేసి వేరే కంపెనీకి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఆరుగురు ఎప్పుడూ ఉండాలంటే తొమ్మిది, పది మందికి శిక్షణ ఇవ్వాలి.

ఇంకో సంగతి చూడండి. ఆ ఇద్దరిలో ఒకరికే దెబ్బ తగిలితే? పెద్ద షెడ్డులో ఒకే మూల ఇద్దరూ పనిచేస్తుంటే? షెడ్డులో ఎక్కడ పడిపోయినా రెండు మూడు నిమిషాల్లో శిక్షణ పొందిన మనిషి అక్కడికి చేరేలా విభాగాల వారీగా ఎంచుకోండి. 150కి ఒకటి అన్నది పాత చట్టం పెట్టిన కనీసం మాత్రమే.

మాది ఐటీ ఆఫీసు. మెషిన్లు లేవు. మాకు ఇవన్నీ అవసరమా?

అవసరమే, కానీ వేరే రకంగా. ఆఫీసులో భయపడాల్సినవి గుండె ఆగడం, క్యాంటీన్‌లో గొంతుకి అడ్డుపడడం, ఫిట్స్, పక్షవాతం, మెట్ల మీద జారిపడడం, షుగర్ పడిపోవడం. వీటికి రెండు రోజుల కోర్సు అక్కర్లేదు. సీపీఆర్, ఏఈడీ ఉన్న ఒక రోజు కోర్సు ప్రతి అంతస్తులో, ప్రతి షిఫ్టులో ఇద్దరు ముగ్గురికి ఇప్పించండి. మిగతా వాళ్లందరికీ గంట అవగాహన.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఆసుపత్రులకు కొదవ లేదు. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్ల మీద అంబులెన్స్ ఎలా కదులుతుందో మీకు తెలుసు. గేటు దగ్గరికి వచ్చాక లిఫ్ట్ ఆపి పెట్టడం, సెక్యూరిటీ వాళ్లు దారి చూపించడం కూడా శిక్షణలో భాగమే. అందుకే సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బందిని కూడా క్లాసులో కూర్చోబెట్టండి. రాత్రి రెండింటికి ఆఫీసులో మెలకువగా, అన్ని అంతస్తులూ తిరుగుతూ ఉండేది వాళ్లే.

ఏడుగురు పనిచేసే మెకానిక్ షెడ్డు మాది. ఖర్చు పెట్టుకోలేం.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పక్క పక్కనే ఇలాంటి షెడ్లు వందల్లో ఉంటాయి. పది షెడ్ల వాళ్లు కలిసి ఒక బ్యాచ్ పెట్టించుకుంటే ఒక్కొక్కరి మీద పడేది తక్కువే. మీకు కావాల్సింది ఒక రోజు కోర్సు, దాంట్లో నాలుగు విషయాలు గట్టిగా: జాకీ జారి నలిగిపోవడం, గ్రైండింగ్ చేస్తుంటే కంట్లో రేణువు పడడం, బ్యాటరీ యాసిడ్ చిందడం, రేడియేటర్ ఆవిరితో కాలడం. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా శుభ్రమైన నీళ్లతో కడుగుతూనే ఉండాలి. దానికి షెడ్డులో పారే నీళ్లు ఉండాలి. నీళ్లే లేని షెడ్డులో సర్టిఫికెట్ గోడకు వేలాడినా ఏం లాభం?

కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. చల్లటి పారే నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచడమే చికిత్స. పేస్టు రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది, ఆసుపత్రిలో దాన్ని తుడిచేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి.

నిర్మాణ సైటుకి ఏ కోర్సు?

పూర్తి ఫస్ట్ ఎయిడర్ కోర్సే. ఎత్తు నుంచి పడడం, మట్టి కూలడం, కరెంటు షాక్ ఇక్కడ రోజువారీ ప్రమాదాలు. కరెంటు తగిలినవాణ్ణి పట్టుకోకముందు మెయిన్ ఆపాలి. ఇది అందరికీ తెలుసనుకుంటాం, కానీ తోటివాడు విలవిల్లాడుతుంటే కంగారులో చెయ్యి ముందుకు వెళ్లిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ చేయించాలి. ఎత్తు నుంచి పడ్డవాణ్ణి నలుగురు చేతులు కాళ్లు పట్టుకుని ఆటోలో వేసుకెళ్లడం మన సైట్లలో మామూలైపోయింది. వెన్నెముక దెబ్బ తగిలి ఉంటే ఆ ఎత్తడంలోనే కాళ్లు చచ్చుబడిపోవచ్చు. తలా మెడా కదలకుండా పట్టుకుని స్ట్రెచర్ మీదికి మార్చడం చేతులతో చేసి నేర్చుకుంటేనే వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బకి విడిగా గంట కేటాయించమని శిక్షకుణ్ణి అడగండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, పిచ్చిగా మాట్లాడుతుంటే అది సొమ్మసిల్లడం కాదు, ప్రాణం మీదికి వచ్చినట్టు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు గానీ మజ్జిగ గానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

కెమికల్, ఫార్మా యూనిట్లకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు మామూలు కోర్సు సరిపోతుందా?

సరిపోదు. ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే తప్పు స్థాయి ఎంచుకుంటే కాపాడబోయినవాళ్లే చనిపోతారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు జనం వీధుల్లోనే కుప్పకూలిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. గాలిలోనే విషం ఉన్నప్పుడు ఫస్ట్ ఎయిడర్‌కి మొదట రావాల్సింది ఆగడం. గాలి ఎటు వీస్తోందో చూడడం, దానికి అడ్డంగా దూరం జరగడం, మిగతావాళ్లను జరపడం. శ్వాస పరికరం వేసుకుని లోపలికి వెళ్లి మనిషిని తేవడం రెస్క్యూ టీమ్ పని. తెచ్చాక చూసుకోవడం ఫస్ట్ ఎయిడర్ పని. ఈ రెండూ ఒకే క్లాసులో కలిపేసి ‘మా వాళ్లకి అన్నీ వచ్చు’ అనుకోవడం ప్రమాదం.

డ్రైనేజీ గుంతలు, వ్యర్థ జలాల ట్యాంకులు ఇంకా మోసకరం. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కొంచెంగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఒకడు దిగి పడిపోతాడు. అన్నకేమయిందో అని రెండోవాడు దిగుతాడు, తర్వాత మూడోవాడు. ఇలాంటి వార్తలు పేపర్లో మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాం. కాబట్టి ట్యాంకులున్న చోట ఫస్ట్ ఎయిడ్ శిక్షణకు ముందు ‘దిగొద్దు’ అన్న శిక్షణ హెల్పర్లతో సహా అందరికీ ఇవ్వాలి.

భీమవరం, నెల్లూరు, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో, ఐసు ఫ్యాక్టరీల్లో అమ్మోనియా ఉంటుంది. కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు దానికి తొందరగా దెబ్బతింటాయి. అక్కడ కళ్లు కడగడం, ఊపిరాడని మనిషిని కూర్చోబెట్టి ఉంచడం, తడిసిన బట్టలు తీసేయడం ప్రత్యేకంగా సాధన చేయించాలి.

ఏ రసాయనానికైనా సేఫ్టీ డేటా షీట్‌ (దాని భద్రతా వివరాల పత్రం)లో నాలుగో విభాగం మొత్తం ఫస్ట్ ఎయిడ్ గురించే ఉంటుంది. మీరు వాడే ప్రతి రసాయనం షీటూ తీసి ఆ విభాగాన్ని శిక్షకుడికి ముందే పంపండి. ఆయన దాన్ని చదివి క్లాసు మార్చుకుంటే సరైన మనిషి దొరికినట్టు. ‘అందరికీ నీళ్లతో కడగడమే సార్’ అంటే వేరేవాళ్లను చూడండి. పొడి రూపంలో ఉన్న కొన్నింటిని ముందు దులిపి తర్వాత కడగాలి. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పడితే కడిగాక కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి, ఆ జెల్ పెట్టెలో ముందే ఉండాలి.

మా కంపెనీలో డాక్టరు, నర్సు ఉన్నారు. ఇంకా శిక్షణ ఎందుకు?

డాక్టరు గారు అంబులెన్స్ గదిలో ఉంటారు. ప్రమాదం బాయిలర్ దగ్గర జరుగుతుంది. మధ్యలో గడిచే నిమిషాలు ఫస్ట్ ఎయిడర్‌వి. అయితే నర్సులకూ డాక్టర్లకూ మామూలు ఫస్ట్ ఎయిడ్ కోర్సు కాకుండా వైద్య సిబ్బంది కోసం ఉన్న బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) లాంటివి ఇప్పించండి.

సెయింట్ జాన్, హార్ట్‌సేవర్, బీఎల్‌ఎస్, సీఓఎల్‌ఎస్... ఇన్ని పేర్లలో ఏది?

సెయింట్ జాన్ అంబులెన్స్ మన దేశంలో ఎప్పటినుంచో ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు ఇస్తోంది. ఫ్యాక్టరీలు, గనులు చట్టం కోసం ఎక్కువగా చూపించేది దాన్నే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌వి రెండు: హార్ట్‌సేవర్ మామూలు ఉద్యోగులకు, బీఎల్‌ఎస్ వైద్య సిబ్బందికి. అందరికీ బీఎల్‌ఎస్ చేయించాం అని గొప్పగా చెప్పుకునే ఆఫీసులున్నాయి. గుండె విషయంలో అది మంచి కోర్సే, కానీ విరిగిన ఎముక, కాలిన చర్మం గురించి అందులో నేర్పరు. సీఓఎల్‌ఎస్ (కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్) ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ సామాన్యుల కోసం రూపొందించింది. నోటితో ఊపిరి ఊదకుండా ఛాతీ మీద నొక్కడం మాత్రమే నేర్పుతుంది. తక్కువ సమయంలో ఎక్కువమందికి నేర్పాలంటే ఇదే నాకు నచ్చుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లో ఊదాలనే సంకోచంతో చాలామంది అసలు ముందుకే రారు. అది తీసేస్తే చేతులు కదులుతాయి.

చట్టం కోసమైతే, రాష్ట్ర ప్రభుత్వం ఏ సంస్థ సర్టిఫికెట్‌ని గుర్తిస్తుందో డబ్బు కట్టే ముందే ఫ్యాక్టరీల శాఖలో కనుక్కోండి.

విదేశీ క్లయింట్ ‘ఎమర్జెన్సీ ఫస్ట్ ఎయిడ్ ఎట్ వర్క్’ ఉందా అని అడుగుతున్నాడు. అదేమిటి?

అది బ్రిటన్ పద్ధతి. అక్కడ ప్రమాదం తక్కువున్న చోట్లకు 6 గంటల ఎమర్జెన్సీ కోర్సు, ఎక్కువున్న చోట్లకు 18 గంటల ఫస్ట్ ఎయిడ్ ఎట్ వర్క్ కోర్సు. రెండూ మూడేళ్లు చెల్లుతాయి. మన లెక్కలో మొదటిది సుమారుగా ఒక రోజు కోర్సుకి, రెండోది పూర్తి కోర్సుకి దగ్గర. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఆ సర్టిఫికెట్ తీసుకుని వచ్చిన తెలుగువాళ్లు మీ ఆఫీసులో ఉంటే వాళ్ల చేతి పని పనికొస్తుంది. ఇక్కడి చట్టం ముందు మాత్రం ఇక్కడ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టే చెల్లుతుంది.

ఆన్‌లైన్ కోర్సు చేయిస్తే సరిపోదా?

లక్షణాలు గుర్తించడం, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసుకోవడం వీడియో చూసి నేర్చుకోవచ్చు. ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మాత్రం బొమ్మ మీద చెమట పట్టేదాకా చేస్తేనే వస్తుంది. మొదటిసారి నొక్కేవాళ్లలో చాలామంది భయంభయంగా, పైపైన నొక్కుతారు. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, అప్పుడు పక్కవాళ్లతో మారడం ఎలాగో కూడా నేర్చుకోవాలి. చదువు ఆన్‌లైన్‌లో, సాధన క్లాసులో అన్న పద్ధతి బాగుంటుంది. మొత్తం ఆన్‌లైన్ అయితే తీసుకోవద్దు.

ఎవరిని పంపాలి?

ఖాళీగా ఉన్నవాళ్లను పంపడం అందరూ చేసే పని. అలా కాకుండా, నిజంగా పని దగ్గర ఉండేవాళ్లను, రక్తం చూసి బెదరనివాళ్లను, తోటివాళ్లు మాట వినేవాళ్లను ఎంచుకోండి. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లైతే ఇంకా మంచిది.

ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే చోట ఆడ ఫస్ట్ ఎయిడర్లు తప్పనిసరి. రొయ్యల ప్లాంటులో ఒకమ్మాయి పడిపోతే చుట్టూ ఉన్న మగ సూపర్‌వైజర్లు ముట్టుకోవడానికి వెనకాడుతూ నిలబడితే విలువైన నిమిషాలు పోతాయి. మగవాళ్లకు కూడా క్లాసులో ఆడ బొమ్మ మీద, లేదా బొమ్మకి బట్టలు తొడిగి సాధన చేయించమని శిక్షకుణ్ణి అడగండి.

భాష ఇంకో సమస్య. హైదరాబాద్ చుట్టుపక్కల సైట్లలో, ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో. తెలుగులో చెప్పిన క్లాసుకి వాళ్లు తల ఊపి సంతకం పెడతారు. హిందీలోనో ఒడియాలోనో చెప్పగల శిక్షకుణ్ణి తెండి, ప్రతి గుంపు నుంచి ఒకరికి పూర్తి కోర్సు ఇప్పించండి. కాంట్రాక్ట్ కార్మికులు ‘మనవాళ్లు కాదు’ అని వదిలేయకండి, ప్రమాదకరమైన పనులు ఎక్కువగా చేసేది వాళ్లే.

మంచి శిక్షకుణ్ణి ఎలా గుర్తుపట్టాలి?

బొమ్మలు ఎన్ని తెస్తారో అడగండి. నలభై మందికి ఒక బొమ్మ అంటే ఎవరికీ చెయ్యి తగలదు, ఆరుగురికి ఒకటైనా ఉండాలి. క్లాసుకి ముందు మీ ప్లాంటు చూడ్డానికి వస్తారేమో అడగండి. పరీక్షలో ఎవరైనా తప్పుతారా అని కూడా అడగండి. అందరూ పాసే అన్న జవాబు వస్తే జాగ్రత్త. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళంచెవి పెట్టాలా అని అడిగి చూడండి. వద్దు, చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, టైమ్ చూసి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి అని ఆగకుండా చెప్పగలగాలి.

ఒకసారి నేర్చుకుంటే ఎన్నాళ్లు పనికొస్తుంది?

కాగితం మీద రెండేళ్లో మూడేళ్లో. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డులు రెండేళ్లకి. చేతుల్లో మాత్రం కొన్ని నెలలకే జారిపోవడం మొదలవుతుంది. మూడు నెలలకోసారి పది నిమిషాలు బొమ్మ మీద నొక్కించండి, ఏడాదికోసారి సగం రోజు రిఫ్రెషర్ పెట్టండి. మాక్ డ్రిల్ చేసేటప్పుడు రాత్రి షిఫ్టులో, చెప్పకుండా ఒకటి చేయండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో అప్పుడు తెలుస్తుంది.

సాయం చేయబోతే మన మీదే కేసు పడుతుందా?

ఈ భయం చాలామందిని ఆపేస్తోంది. రోడ్డు ప్రమాదాల విషయంలో సుప్రీంకోర్టు 2016 మార్చి 30న సాయం చేసినవాళ్లకు రక్షణగా మార్గదర్శకాలను ఖరారు చేసింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్‌తో అది చట్టంలోకే ఎక్కింది. పనిచేసే చోట జరిగిన ప్రమాదానికి ఆ సెక్షన్ వర్తించదు. కానీ అనుమతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషికి మేలు చేయాలనే సదుద్దేశంతో చేసిన పనిని నేరంగా చూడకూడదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెప్తోంది, పాత ఐపీసీలో 92వ సెక్షన్ అది. మీరు నేర్చుకున్నంత వరకే చెయ్యండి. ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్ జోలికి పోకండి. ఏం చేశారో, ఎన్నింటికి చేశారో రాసిపెట్టండి.

పెట్టెలో మాత్రలు పెట్టుకోవచ్చా?

నియమాల్లో చెప్పిన వస్తువులు తప్ప వేరేవి ఆ పెట్టెలో పెట్టకూడదని పాత చట్టం 45వ సెక్షనే చెప్పింది. గుప్పెడు పెయిన్ కిల్లర్లు, ఎవరో తెచ్చిన ఆయింట్‌మెంట్లు, పాత బీపీ మాత్రలు తీసేయండి.

ఏఈడీ కొంటే శిక్షణ తగ్గించుకోవచ్చా?

లేదు. ఏఈడీ తనే మాట్లాడుతూ దారి చూపిస్తుంది, అయినా అది తెచ్చి తగిలించేదాకా ఛాతీ నొక్కేది మనిషే. షాక్ ఇచ్చాక మళ్లీ వెంటనే నొక్కాలి. చెమటతో తడిసిన ఛాతీ తుడవకపోతే ప్యాడ్లు అంటుకోవు. ప్యాడ్లకీ బ్యాటరీకీ గడువు తేదీలుంటాయి, వాటిని నెలకోసారి చూసే బాధ్యత ఒకరి పేరు మీద రాసి ఉండాలి.

యాజమాన్యం ఒక్క పూటే ఇస్తానంటోంది. ఏం నేర్పించమంటారు?

ఉన్న సమయాన్ని పలచగా పరచకండి. స్పృహ, ఊపిరి చూడడం, 108కి సరిగ్గా చెప్పడం, ఛాతీ నొక్కడం, రక్తం ఆపడం, గొంతు అడ్డు తీయడం, కాలితే నీళ్లు. ఇంతే. గొంతు అడ్డు తీయడానికి అయిదుసార్లు వీపు మీద గట్టిగా చరచడం, అయిదుసార్లు పొట్ట పైభాగాన్ని లోపలికీ పైకీ నొక్కడం ప్రతి ఒక్కరూ చేసి చూపించాకే బయటికి పంపండి. నొక్కే సాధన ఒకరి పొట్ట మీద ఒకరు చెయ్యకూడదు, దానికి బొమ్మ గానీ ప్రత్యేకమైన జాకెట్ గానీ వాడాలి. 108కి ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సిన మాటలు ముందే రాసి గోడకు అంటించండి: కంపెనీ పేరు, ఇండస్ట్రియల్ ఏరియా, ఫేజ్, దగ్గరి గుర్తు, ఏ గేటు, గేటు దగ్గర ఎవరు నిలబడి ఉంటారు, వాళ్ల ఫోన్ నంబరు. పూర్తి కోర్సుకి తేదీ అదే రోజు ఖరారు చేసుకుని యాజమాన్యం సంతకం తీసుకోండి.